గువ్వలచెరువు ఘాట్‌లో పగిలిన హెడర్: టర్బో కారుకు ఏది ఎంచుకోవాలి?

[దృశ్యం: బల్ల మీద రెండు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్‌లు. ఒకటి తుప్పు రంగు బీడు ముక్క. రెండోది మెరిసే స్టీలు పైపులతో చేసింది. పైపులు కలిసే చోట సన్నని పగులు.]

నమస్కారం. కడప నుంచి మాట్లాడుతున్నాను. సిలిండర్లు వదిలే పొగను ఒకచోటికి చేర్చి టర్బోకు పంపేది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్. దాన్నే స్టీలు పైపులు వెల్డింగ్ చేసి కడితే హెడర్ అంటారు. మెరుస్తున్న ఈ హెడర్ నా డీజిల్ కారులో పదకొండు వారాలు ఉంది. రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే ముందు టిక్కుటిక్కుమని చప్పుడు వచ్చింది. ఆ తర్వాత పికప్ పడిపోయింది. ఊళ్లో పాలకోవా దుకాణాల ముందు ఆపి బానెట్ ఎత్తితే పగులు చుట్టూ నల్లటి మసి కనిపించింది. పక్కనున్న బీడు ముక్క కారుతో పాటు వచ్చింది. 1,80,000 కిలోమీటర్లు తిరిగినా దానిలో చిన్న గీత కూడా పడలేదు.

డబ్బు పెట్టే ముందు ఒక్క విషయం చూసుకోండి. మీ ఇంజన్‌కు విడిగా మ్యానిఫోల్డ్ ఉందా? ఫోర్డ్ 1.0 లీటరు ఎకోబూస్ట్‌లో, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో వచ్చే 1.0 లీటరు టీఎస్ఐలో మ్యానిఫోల్డ్ సిలిండర్ హెడ్డులోనే కలిసి ఉంటుంది. పొగ తోపుడుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నొక్కే టర్బో నేరుగా హెడ్డుకే బిగుస్తుంది. అలాంటి కారుకు హెడర్ అమ్మజూపేవాళ్ల మాట వినకండి, బిగించడానికి చోటే లేదు.

[దృశ్యం: తెల్లబోర్డు మీద నాలుగు సిలిండర్ల బొమ్మ.]

టర్బో లేని ఇంజన్‌లో పొడవైన, సమానమైన పైపులు పెడతారు. ఒక సిలిండర్ వదిలిన పొగ వేగంగా పోతూ వెనక పీడనం తగ్గిస్తుంది. ఆ లాగుడుకు మిగిలిన పొగ కూడా బయటికి వస్తుంది. టర్బో ఉన్న చోట ఈ లెక్క మారిపోతుంది. పైపుల చివర టర్బోలోని చక్రం, అంటే టర్బైన్, అడ్డంగా ఉంటుంది కాబట్టి దాని ముందు ఎప్పుడూ పీడనం నిలిచే ఉంటుంది. చాలాసార్లు అది టర్బో ఇంజన్‌లోకి నొక్కే గాలి పీడనం, అంటే బూస్ట్, కంటే ఎక్కువే. అక్కడ లాగుడు మీద ఆశ పెట్టుకోలేం. టర్బైన్‌ను తిప్పేది పొగలోని వేడి, దాని తోపుడు. పైపు పొడవైనా, లావైనా వేడి దారిలోనే పోతుంది, తోపుడు చల్లారుతుంది. ఘాట్‌లో మలుపు తిరిగి యాక్సిలరేటర్ తొక్కాక కారు ఒక క్షణం ఆలోచించి కదులుతుందే, ఆ ఆలస్యం ఇక్కడ పెరుగుతుంది.

అందుకే టర్బోకు పైపులు పొట్టిగా ఉండాలి. లోపలి వ్యాసం హెడ్డులోని రంధ్రానికి దగ్గరగా ఉండాలి. లావు పైపు ఎక్కువ శక్తి ఇస్తుందని ఎవరైనా చెబితే, ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర అని అడగండి. రేసు ట్రాక్ మీద ఎప్పుడూ 6,000 పైన తిప్పే పెట్రోల్ ఇంజన్‌కు సమాన పొడవు పైపులు నిజంగా మేలు చేస్తాయి. మన ఘాట్‌లలో, ఊరి రోడ్లలో ఇంజన్ తిరిగేది 1,500 నుంచి 3,000 మధ్య. అక్కడ పొట్టిగా, దుంగలా ఉండే బీడు మ్యానిఫోల్డే నాకు నచ్చుతుంది.

పొగ లోపలికి రావడానికి రెండు వేరు దారులున్న ట్విన్ స్క్రోల్ టర్బో ఉంటే మాత్రం పైపులు జతలుగా విడిపోవాలి. నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి. 1, 4 ఒక జత, 2, 3 మరో జత. అప్పుడు ఒక్కో జతలో పొగ తోపులు క్రాంక్ 360 డిగ్రీలు తిరిగాక ఒకసారి వస్తాయి, ఒకదాన్నొకటి అడ్డుకోవు. మూడు సిలిండర్ల ఇంజన్‌లో తోపుల మధ్య సహజంగానే 240 డిగ్రీల ఎడం ఉంటుంది, దానికి ఈ ఖర్చు అనవసరం.

[దృశ్యం: పగులు దగ్గరగా. పక్కనే అయస్కాంతం.]

ఇక నా హెడర్ ఎందుకు పగిలింది? డీజిల్ పొగ బరువు లాగేటప్పుడు 700 డిగ్రీలు దాటగలదు, టర్బో పెట్రోల్‌లో 900 కూడా దాటుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పైపు అర మీటరు పొడవుంటే, 700 డిగ్రీల వేడి పెరిగేసరికి సుమారు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. నీళ్లతో చల్లబడే హెడ్డు అంత సాగదు. హెడ్డుకు పట్టి ఉంచే స్టడ్‌లు (బోల్టులు) పైపులను కదలనివ్వవు. రోజూ వేడెక్కడం, చల్లారడం, పైగా వేలాడే టర్బో బరువు. ఈ బాధంతా వెల్డింగ్ అతుకు మీద పడుతుంది. కారుతో వచ్చిన మ్యానిఫోల్డ్‌కు టర్బో కింద ఒక ఊతం ఉండేది. హెడర్ అమ్మినవాళ్లు దాన్ని తీసేయమన్నారు, నేను తీసేశాను. ఇప్పటికీ నన్ను బాధపెట్టేది ఆ ఒక్క మాటే.

కొనేటప్పుడు గోడ మందం కొలవండి. పైపు గోడ మందాన్ని షెడ్యూల్ అంకెతో చెబుతారు. ఒకటిన్నర అంగుళాల షెడ్యూల్ 40 పైపు గోడ సుమారు 3.7 మిల్లీమీటర్లు, షెడ్యూల్ 10 అయితే 2.8. నాది 1.6 మిల్లీమీటర్ల పల్చటి గొట్టం. అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది 304 కాదు. ఇంకా మంచిది 321 రకం. దానిలో కలిపిన టైటానియం వల్ల వెల్డింగ్ చేసిన చోటు ఎక్కువ వేడిలోనూ బలహీనపడదు. పైపు లోపల టార్చ్ వేసి అతుకులు చూడండి. మాడిన పాకంలా నల్లగా, గరుకుగా ఉంటే లోపల ఆర్గాన్ వాయువు నింపకుండా వెల్డింగ్ చేశారన్నమాట. హెడ్డుకు బిగిసే ఫ్లాంజ్ పలక మందం పది మిల్లీమీటర్లకు తగ్గకూడదు. చివరి రంధ్రాలు కొంచెం కోలగా ఉంటే లోహం సాగడానికి చోటు దొరుకుతుంది.

బూస్ట్ మితి మీరకుండా మిగులు పొగను టర్బైన్ పక్క నుంచి వదిలే కవాటం వేస్ట్‌గేట్. దాన్ని బయట విడిగా పెట్టేవాళ్లు నాలుగు పైపులూ కలిశాకే, ప్రవాహం వాలుకు అనుగుణంగా దాన్ని పెట్టించుకోవాలి. నిటారు మూలలో పెడితే పొగ అటు తిరగదు, బూస్ట్ చెప్పిన దగ్గర ఆగదు.

మరొక మాట. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాల్లో చేసే మార్పులకు హద్దులు పెట్టింది. పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ జోలికి ఎవరూ పోకండి.

మే నెల ఎండల్లో బానెట్ కింద వేడి తగ్గాలని పైపులకు గుడ్డ పట్టీ చుట్టేవాళ్లున్నారు. అది వేడిని లోహంలోనే బంధించి పగుళ్లను త్వరగా తెస్తుంది. మధ్యలో గాలి ఆడేలా రేకు కవచం బిగించుకోవడం మేలు.

[దృశ్యం: తెల్లవారుజామున ఘాట్ ఎక్కుతున్న కారు.]

పాత బీడు మ్యానిఫోల్డ్‌నే మళ్లీ బిగించాను. కొత్త గ్యాస్‌కెట్, కొత్త స్టడ్‌లు వేసి, తీసేసిన ఊతం కూడా పెట్టాను. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నట్లన్నీ మరోసారి సరిచూశాను, రెండు వదులయ్యాయి. మొన్న నలుగురం కూర్చుని ఇదే ఘాట్ మూడో గేరులో ఎక్కాం.