వాటం: నీమ్ నగరానికి నీళ్లు నడిచిన దారి

సభకు నమస్కారం.

అక్విడక్టు, అంటే కాలువ నీళ్లను దాటించే వంతెన, అనగానే మన మనసులో మెదిలేవి కమానులు. కోనసీమ వారికైతే వైనతేయ గోదావరి మీదుగా కాలువను దాటించే గన్నవరం అక్విడక్టు గుర్తుకొస్తుంది. దక్షిణ ఫ్రాన్సులో 1వ శతాబ్దంలో రోమన్లు గార్డన్ నది మీద మూడు అంతస్తులుగా, సుమారు 49 మీటర్ల ఎత్తున కట్టిన పాం ద్యు గార్‌ను చూసినవారు కూడా ఆ ఎత్తునే తలుచుకుంటారు. నేను మాత్రం ఈ రోజు మన తాపీమేస్త్రీలు నిత్యం అనే ఒక చిన్న మాట గురించి, వాటం గురించి, అంటే నీళ్లు పారడానికి ఇచ్చే ఏటవాలు గురించి మాట్లాడదలచుకున్నాను.

ఆ వంతెన మీదుగా సాగిన కాలువ ఉజెస్ అనే ఊరి దగ్గరి ఊటల నీళ్లను నీమ్ నగరానికి తెచ్చేది. ఆ రెంటి మధ్య నేరుగా కొలిస్తే సుమారు 20 కిలోమీటర్లు. కొండలు అడ్డు రావడం వల్ల కాలువ చుట్టుతిరిగి, చాలావరకు నేల కిందనే, సుమారు 50 కిలోమీటర్లు సాగింది. ఇంత పొడవుకూ దొరికిన పల్లం దాదాపు 12.6 మీటర్లే. సగటున 10 మీటర్లకు 2.5 మిల్లీమీటర్లన్నమాట, ఇంచుమించు ఒక బియ్యపుగింజ మందం. స్నానాలగదిలో గచ్చు చేసే మేస్త్రీ ఇంతకు ఎన్నో రెట్లు వాటం ఇచ్చినా ఒక్కోసారి మూలన నీళ్లు నిలిచిపోవడం మనకు తెలిసిందే.

మట్టం చూడటానికి ఆ కాలంలో కొరోబటీస్ అనే 20 అడుగుల పొడవైన బల్ల ఉండేది. దానికి తూకపు గుండ్లు వేలాడదీసేవారు. గాలికి దారాలు ఊగిపోతే, బల్ల మీద చెక్కిన గాడిలో నీళ్లు పోసి, ఆ నీళ్లు రెండు కొసల్లోనూ అంచును సమంగా తాకుతున్నాయో లేదో చూసేవారు. మన రసమట్టంలో బుడగ చేసే పనిని అక్కడ గాడిలోని నీళ్లే చేసేవి.

వాటాన్ని అంతటా ఒకే తీరుగా ఇవ్వకపోవడం నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది. నదికి ముందు భాగంలో వాటం ఎక్కువ ఇచ్చి, కాలువను త్వరగా కిందికి దించి, వంతెన ఎత్తును తగ్గించుకున్నారు. ఆ తర్వాతి దారిలో మిగిలిన కొద్దిపాటి పల్లాన్ని ఎంతో పొదుపుగా వాడుకున్నారు. కింది అంతస్తుల్లో 6 టన్నుల వరకు బరువున్న రాళ్లను సున్నం పెట్టకుండానే పేర్చడం కూడా గొప్ప పనే గానీ, ఆ లెక్క ముందు అది నాకు రెండో మాటే.

అంత తక్కువ వాటానికి మరో కష్టం కూడా తోడైంది. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర పడుతుంది కదా, ఆ ఊటల్లోని సున్నం అలాగే కాలువ గోడలకు పట్టి, సుమారు 1.2 మీటర్ల వెడల్పున్న దారిని రెండు వైపుల నుంచీ మూసుకొచ్చింది. గీకి శుభ్రం చేసినంతకాలం నీళ్లు పారాయి. రోమన్ పాలన సడలి మరమ్మతులు ఆగాక పొర మందమెక్కి, చివరికి కాలువ పనికిరాకుండా పోయింది. తరతరాలుగా నీళ్లు అలా పేర్చిన ఆ సున్నపు రాతిని తర్వాతి కాలపు జనం పలకలుగా కోసుకుపోయి, చుట్టుపక్కల చర్చిల గోడలు కట్టుకున్నారు.