ఏనుగు తలవాడి కన్నీళ్ళు

శ్రోతలందరికీ నమస్కారం.

కథలో దయ్యం కనిపిస్తే భయపడతాం. ఆ దయ్యమే కూర్చుని ఏడిస్తే ఏం చేస్తాం? అమెరికాలో 1920, 30ల్లో చవక పత్రికలకు కథలు రాసిన కొందరు మనల్ని సరిగ్గా ఈ ఇరకాటంలో పెట్టారు. వాళ్ళ కథల్లో నాకు బాగా ఇష్టమైన నాలుగింటి గురించి ఇవాళ చెబుతాను. నాలుగింటికీ సమానంగా టైమ్ ఇవ్వను. రెండింటి మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను.

ముందు ఆ పత్రికల సంగతి. చెక్క గుజ్జుతో చేసిన గరుకు కాగితం మీద వేసేవారు కాబట్టి వీటిని పల్ప్ పత్రికలు అన్నారు. లోపలి పేజీలు త్వరగా పచ్చబడి అంచులు రాలిపోయేవి. అట్ట మాత్రం రంగులతో ధగధగలాడేది. డిటెక్టివ్ కథలకో పత్రిక, కౌబాయ్ కథలకో పత్రిక, ప్రేమకథలకో పత్రిక. దయ్యాలు, మంత్రగాళ్ళు, వేరే లోకాల జీవులు ఉండే వింత కథల కోసం 'వీర్డ్ టేల్స్' అని ఒకటి 1923 మార్చిలో మొదలైంది. షికాగో నుంచి వచ్చేది, ధర పావు డాలరు. డబ్బుకి ఎప్పుడూ కటకటే. 1924 చివర్లో ఫార్న్స్‌వర్త్ రైట్ అనే ఆయన సంపాదకుడయ్యాడు. పార్కిన్సన్స్ జబ్బు ముదిరి సంతకం పెట్టడం కూడా చేతకాని స్థితిలో 1940 దాకా నెట్టుకొచ్చాడు. కథ బాగోగులు తెలిసినవాడే గానీ, చేతికొచ్చిన మంచి కథల్ని తిప్పి పంపడంలోనూ గట్టివాడే. లవ్‌క్రాఫ్ట్ రాసిన, ఇప్పుడు లోకమంతా తెలిసిన 'ది కాల్ ఆఫ్ కథుల్హు'ను మొదట వద్దన్నాడు. తర్వాత మనసు మార్చుకుని 1928 ఫిబ్రవరి సంచికలో వేశాడు.

ఈ పత్రికను భయపెట్టే కథల పత్రిక అంటారు. నిజమే. కానీ అందులో భయం కోసమే రాసిన కథలు చాలావరకు ఇప్పుడు నవ్వు తెప్పిస్తాయి. గబ్బిలాలు, పాడుబడ్డ కోటలు, చివరి వాక్యంలో ఒక కేక. అప్పటి పాఠకులు అందరికన్నా ఎక్కువగా మెచ్చుకున్నది సీబరీ క్విన్ అనే ఆయన్ని. ఇప్పుడు ఆయన్ని చదివేవాళ్ళు ఎందరు? నిలబడిన కథలు వేరే ఉన్నాయి. అందులో భయం సగం దూరం వచ్చి ఆగిపోతుంది. అక్కణ్ణుంచి జాలి నడుపుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ రాబర్ట్ ఇ. హోవర్డ్ రాసిన 'ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్'. 'ఏనుగు బురుజు' అనుకుందాం. 1933 మార్చి సంచికలో వచ్చింది. హోవర్డ్‌ది టెక్సాస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊరు. కోనన్ అనే అనాగరిక వీరుణ్ణి సృష్టించింది ఇతనే. సినిమాల్లో చూసిన కండల కోనన్‌ను కాసేపు పక్కన పెట్టండి. ఈ కథలో కోనన్ ఇంకా కుర్రవాడు, దొంగతనాలకు కొత్త. దొంగల పేటలో ఒక సారా అంగడిలో కూర్చుని ఆ బురుజులో ఒక గొప్ప రత్నం ఉందని వింటాడు. యారా అనే పూజారి ఆ రత్నం బలంతోనే రాజును సైతం ఆడిస్తున్నాడట. మరి ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ ఎందుకు దొంగిలించలేదని కోనన్ అడుగుతాడు. అందరూ నవ్వుతారు. అదే రాత్రి అతను బయల్దేరతాడు.

తోటలో సింహాలు, గోడెక్కే తాడు, తోడొచ్చిన పేరుమోసిన దొంగ చావు, పంది అంత సాలీడు. ఇవన్నీ చకచకా అయిపోతాయి. హోవర్డ్ యాక్షన్ రాస్తే పేజీ తిప్పేదాకా ఊపిరి ఆడదు. ఆ తర్వాత కోనన్ ఒక గదిలోకి వెళ్తాడు. అక్కడ ఆకుపచ్చని మనిషి ఒళ్ళు, ఏనుగు తల ఉన్న విగ్రహం ఒకటి కూర్చుని ఉంటుంది. దాన్ని చూసి కోనన్ వణికిపోతాడు. పీడకలలో తప్ప కనిపించని తల అని రాస్తాడు హోవర్డ్.

ఇక్కడ మనకు ఒక చిక్కు. ఏ పనికైనా ముందు వినాయకుణ్ణి తలుచుకునే మనకి ఏనుగు తల చూస్తే వణుకు ఎందుకు పుడుతుంది? హోవర్డ్ వినాయకుణ్ణి మనసులో పెట్టుకుని రాశాడని నేను అనడం లేదు. టెక్సాస్ పాఠకుణ్ణి భయపెట్టడానికి వేసిన ఎత్తు తెలుగు పాఠకుడి దగ్గర పారదు, అంతే. దానివల్ల మనకే లాభం. భయం అడ్డు లేకుండా తర్వాతి ఘట్టం నేరుగా వచ్చి తాకుతుంది.

ఎందుకంటే విగ్రహం కదులుతుంది. అది విగ్రహం కాదు, ప్రాణి. కళ్ళు లేవు, పోగొట్టారు. కాళ్ళూ చేతులూ చిత్రహింసలకు వంకర్లు పోయాయి. ఎవరో వచ్చారని తెలిసి, మళ్ళీ హింసించడానికి యారాయే వచ్చాడనుకుని, చూపు లేని ఆ కళ్ళలోంచి నీళ్ళు కారుస్తుంది. తొండంతో తడిమి, వచ్చినవాడు వేరే మనిషని తెలుసుకుంటుంది. దాని పేరు యోగా, మన యోగాసనాల యోగా కాదు లెండి, యాగ్ అనే గ్రహం నుంచి రెక్కలతో ఎగిరి వచ్చినవాడు. భూమి మీద రెక్కలు ఉడిగిపోయాయి. తోటివాళ్ళంతా పోయారు. విద్య నేర్పమని వచ్చిన యారా నేర్చుకున్నదాంతోనే గురువుని బంధించి 300 ఏళ్ళు హింసించాడు. ఇది వింటుంటే కోనన్‌కి మొత్తం మనిషి జాతి చేసిన పాపం తన ఒక్కడి నెత్తిన పడినట్టు అనిపిస్తుంది. కత్తి ఎత్తడం తప్ప మరోటి తెలియని కుర్రవాడు సిగ్గుతో నిలబడిపోతాడు. చవక పత్రికలో, సాహస కథ మధ్యలో! ఆ తర్వాత యోగా అడిగే సాయం ఏమిటో, యారాకి ఏ గతి పట్టిందో చెప్పను. చదువుకోండి. హోవర్డ్‌కి అప్పటికి 27 ఏళ్ళు. 30 ఏళ్ళకే, 1936 జూన్‌లో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. అప్పటికి పత్రిక అతనికి వందల డాలర్లు బాకీ ఉంది.

రెండో కథ హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్‌ది, 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్'. ఇది వీర్డ్ టేల్స్‌లో రాలేదు. 1927 సెప్టెంబరులో 'అమేజింగ్ స్టోరీస్'లో వచ్చింది. దాదాపు 12 వేల పదాల కథకి ఇచ్చింది 25 డాలర్లు, అదీ అడిగి అడిగి విసిగిన తర్వాత. ఆ పత్రిక యజమాని హ్యూగో గెర్న్స్‌బ్యాక్‌కి లవ్‌క్రాఫ్ట్ 'ఎలుక' అని ముద్దుపేరు పెట్టాడు.

రిజర్వాయర్ కట్టబోతున్నారని ఒక సర్వేయరు కొండల మధ్య ఊరికి వస్తాడు. అక్కడ కొన్ని ఎకరాలు బూడిదలా ఉంటాయి, గడ్డి కూడా మొలవదు. అమీ పియర్స్ అనే ముసలాయన ఆ నేల కథ చెబుతాడు. 1882లో నేహమ్ గార్డ్‌నర్ అనే రైతు పొలంలో, బావి పక్కన ఉల్క పడింది. ప్రొఫెసర్లు వచ్చి ముక్క తీసుకెళ్ళారు. అది చల్లారదు, రోజురోజుకీ కుంచించుకుపోతుంది. దాని రంగు మనిషికి తెలిసిన రంగుల్లో లేదు. పిడుగులు పడి ఉల్క మాయమైంది. ఆ ఏడు పంట విరగకాసింది. పళ్ళు ఎప్పుడూ లేనంత పెద్దవి, నిగనిగలాడుతున్నాయి. కొరికితే చేదు. ఒక్క పండూ అమ్ముడుపోలేదు.

కథ అక్కణ్ణుంచి ఎంత నిదానంగా నడుస్తుందో! గాలి లేకుండానే చెట్ల కొమ్మలు కదులుతాయి. పశువుల ఒళ్ళు బూడిదరంగుకి తిరిగి పెళుసుబారుతుంది. ఇల్లాలికి మతి చలిస్తుంది, మేడ మీద గదిలో పెడతారు. తర్వాత ఒక కొడుకు. తర్వాత మిగతా ఇద్దరు పిల్లలు, బావి దగ్గర. నేహమ్ ఎక్కడికీ పోడు. ఆ బావి నీళ్ళు తాగొద్దు, వేరే బావి తవ్వుకో అని అమీ చెబుతాడు. నేహమ్ వినడు. పొద్దున్నే లేచి పని చేసుకుంటాడు, ఆ నీళ్ళే తాగుతాడు. తను ఏం తప్పు చేశానని దేవుడు ఇలా చేస్తున్నాడని అడుగుతాడు.

నల్గొండ ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి తెలిసిన మనకి ఈ బావి వట్టి కల్పనలా అనిపించదు. ఇప్పటి పాఠకులు చాలామంది ఇందులో రేడియేషన్‌ను చూస్తారు. అణుబాంబుకి 18 ఏళ్ళ ముందు రాసిన కథ మరి. నాకు మాత్రం ఇది వదిలి వెళ్ళలేని రైతు కథ. ఆకాశం నుంచి వచ్చినదానికి ఆ కుటుంబం మీద పగ లేదు, ప్రేమా లేదు. వాళ్ళు ఉన్నారన్న సంగతైనా దానికి తెలుసో లేదో. అన్నీ విన్న సర్వేయరు రిజర్వాయరు నీళ్ళు ఎంత లోతున్నా సరే, తను మాత్రం తాగనంటాడు.

లవ్‌క్రాఫ్ట్ రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో, హోవర్డ్ టెక్సాస్‌లో, ఇప్పుడు చెప్పబోయే క్లార్క్ ఆష్టన్ స్మిత్ కాలిఫోర్నియాలో ఉండేవారు. ముగ్గురూ పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసుకున్నారు, ఒకరి కథలోని దేవుళ్ళని ఇంకొకరు వాడుకున్నారు. జీవితంలో ఒక్కసారీ ఒకరినొకరు కలుసుకోలేదు. రాబర్ట్ బ్లాక్ అనే కుర్ర రచయిత లవ్‌క్రాఫ్ట్‌ను పోలిన పాత్రను పెట్టి కథలో చంపేశాడు. దానికి బదులుగా లవ్‌క్రాఫ్ట్ రాబర్ట్ బ్లేక్ అనే పాత్రను సృష్టించి, తన కథలో అతన్ని చంపాడు. స్నేహం అంటే ఇదీ.

స్మిత్ ఎనిమిదో తరగతి దాకానే చదివాడు. మిగతాదంతా ఇంట్లో కూర్చుని డిక్షనరీ, ఎన్‌సైక్లోపీడియా చదివి నేర్చుకున్నాడు. పళ్ళతోటల్లో కూలికీ వెళ్ళాడు. సూర్యుడు ఆరిపోబోయే కాలానికి భూమి మీద మిగిలే ఆఖరి ఖండం అని జోతిక్ అనే లోకాన్ని ఊహించాడు. ఆ ఖండంలో మన భారతదేశం కూడా కలిసి ఉందని ఒక ఉత్తరంలో రాశాడు. 1932 సెప్టెంబరులో వచ్చిన 'ది ఎంపైర్ ఆఫ్ ది నెక్రోమాన్సర్స్' ఆ లోకం కథే. ఊళ్ళోవాళ్ళు తరిమేసిన ఇద్దరు మంత్రగాళ్ళు, ఎప్పుడో మహమ్మారికి చచ్చిపోయిన ఒక రాజ్యానికి చేరి, శవాలను లేపి వాటిమీద ప్రభువులవుతారు. శవాలు లేచాయంటే మనకి భేతాళ కథలు గుర్తొస్తాయి. ఇక్కడి శవాలు ప్రశ్నలు వేయవు, బండచాకిరీ చేస్తాయి. రాజులూ రాణులూ అందరూ. చచ్చినా విశ్రాంతి లేదు. ఇల్లీరో అనే చివరి చక్రవర్తి శవానికి మెల్లగా జ్ఞాపకం తిరిగి వస్తుంది, దాంతోపాటు కోపం. వాళ్ళు తిరగబడేది బతకడానికి కాదు, మళ్ళీ చచ్చిపోవడానికి. వెట్టి మీద ఇంత తీవ్రమైన కథ ఆ పత్రికల్లో నేను ఇంకోటి చదవలేదు.

నాలుగోది సి.ఎల్. మూర్ 'బ్లాక్ గాడ్స్ కిస్', 1934 అక్టోబరు. క్యాథరీన్ మూర్ ఇండియానాపొలిస్‌లో బ్యాంకు ఉద్యోగి. కథలు రాస్తోందని బ్యాంకులో తెలియకూడదని పొడి అక్షరాలతో రాసింది. హెన్రీ కట్నర్ అనే రచయిత మూర్ మగవాడనుకుని అభిమానంతో ఉత్తరం రాసి, చివరికి ఆమెనే పెళ్ళి చేసుకున్నాడు. కథలో జిరెల్ అనే కోట పాలకురాలు తనను ఓడించినవాడి మీద పగ తీర్చుకోవడానికి కోట కింది సొరంగంలోంచి వేరే లోకానికి దిగి, ఒక శాపాన్ని ముద్దుగా మోసుకొస్తుంది. పగ తీరుతుంది. తీరాక, తనకు అతని మీద ఉన్నది ద్వేషం కాదని తెలుస్తుంది. ఈ ముగింపు నాకు పూర్తిగా మింగుడుపడదు. బలవంతం చేసినవాడి మీద ప్రేమేమిటి అని అడిగేవాళ్ళతో నేను వాదించను. కానీ ఆ సొరంగం, ఆ చీకటి లోకం వర్ణన ముందు మగ రచయితలు చాలామంది నిలవలేరు.

దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది. లవ్‌క్రాఫ్ట్ జాతి విద్వేషి. నల్లవారి గురించి, వలస వచ్చినవారి గురించి అతను రాసిన మాటలు రేడియోలో చదవదగ్గవి కావు. వరల్డ్ ఫాంటసీ అవార్డుగా అతని తల బొమ్మ ఇచ్చేవారు, 2015లో ఆ బొమ్మను మానేశారు. సరైన పనే. హోవర్డ్ కథల్లోనూ ఇలాంటివి తగులుతాయి. మన దేశాన్ని అతను వెంధ్య అని పేరు మార్చి వాడుకున్నాడు, వింధ్య పర్వతాల పేరే అది. అక్కడి రాణి యాస్మినా దేవి. అతను ఎన్నడూ చూడని దేశం మరి, అలాగే ఉంటుంది. ఇవి తెలిసే చదువుతాను, ఇష్టం మాత్రం పోలేదు.

లవ్‌క్రాఫ్ట్ 1937లో, స్మిత్ 1961లో చనిపోయారు. హోవర్డ్‌తో కలిపి ముగ్గురూ పోయి 60 ఏళ్ళు దాటాయి కాబట్టి, వాళ్ళు బతికుండగా అచ్చయిన కథలకు మన దేశంలో కాపీరైట్ అడ్డు లేదు. తెలుగు చేయాలనుకునేవారు ఎవరి అనుమతికీ ఎదురుచూడక్కర్లేదు. మూర్ 1987 దాకా ఉంది, ఆమె కథలకు ఇంకా ఆగాలి. అనువాదానికి 'ఏనుగు బురుజు'తో మొదలుపెట్టమంటాను. వాక్యాలు చిన్నవి, పరుగు ఎక్కువ. స్మిత్‌ని ఆఖరికి పెట్టుకోండి. డిక్షనరీ చదివినవాడి భాషకు మన ప్రబంధాల భాష తెలిసినవాళ్ళు కావాలి.

సెలవు. నమస్కారం.