బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత ఆకలి, భోజనం: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఆ తర్వాత ఎంత తినాలి, ఎప్పుడు ఆపాలి, ఆకలి మళ్ళీ వస్తే ఏం చేయాలి అన్నది ఈ రోజు విషయం. స్టూడియోలో బేరియాట్రిక్ సర్జన్ ఉన్నారు. మేడమ్, నమస్కారం. ఫోన్లు అప్పుడే మొదలయ్యాయి. ఒంగోలు నుంచి ఒక అమ్మగారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్ (ఒంగోలు): నమస్కారం డాక్టర్ గారూ. మా అమ్మాయికి స్లీవ్ ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. అసలు ఆకలే వేయట్లేదంటుంది. నాలుగు చెంచాల పప్పు తిని గిన్నె పక్కన పెట్టేస్తుంది. ఇంకో రెండు ముద్దలు తినమ్మా అంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నాకు భయంగా ఉందండీ. పిల్ల ఇట్లా ఎండిపోతుందా?

డాక్టర్: మీ భయం నాకు అర్థమైందమ్మా. బిడ్డ నాలుగు చెంచాలు తిని లేస్తే ఏ తల్లికైనా ముద్ద దిగదు. కానీ మీ అమ్మాయి మొండితనం చేయడం లేదు. స్లీవ్‌లో పొట్టని ముప్పావు వంతు పైనే తీసేస్తాం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే. ఆ హార్మోన్ సంగతి తెలిసిందే 1999లో, జపాన్‌లో. పొట్ట చిన్నదైంది కాబట్టి తక్కువ తింటున్నారని అంతకుముందు డాక్టర్లూ అనుకునేవారు. నిజానికి ఆకలి కబురే తగ్గిపోతుంది. ఇప్పుడు ఆ పొట్టలో పట్టేది మహా అయితే చిన్న టీ గ్లాసుడు. మీరు బతిమాలి పెట్టే రెండు ముద్దలకు అక్కడ చోటు లేదు. బలవంతంగా తింటే నొప్పి, వాంతి వస్తాయి. నీళ్ళు ఎంత తాగుతోంది?

కాలర్: లీటరు కూడా తాగదండీ. మూత్రం బాగా పసుపుగా వస్తోందంది.

డాక్టర్: నాకు టెన్షన్ ఇక్కడ, పప్పు దగ్గర కాదు. రోజుకి లీటరున్నర తగ్గకూడదు. ఒక్కసారి గ్లాసుడు తాగలేదు కాబట్టి సీసా పక్కనే పెట్టుకుని గుక్క గుక్కగా రోజంతా తాగాలి. పల్చటి మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మనీళ్ళు, వడకట్టిన సూపు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. తినేటప్పుడు మాత్రం వద్దు. తిన్న అరగంట తర్వాత తాగాలి. తల తిరగడం, మూత్రం బాగా తగ్గడం కనిపిస్తే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఆ రోజే చెప్పండి. ఇక తిండి. ఆకలి వేయదు కాబట్టి ఆకలి కోసం ఎదురుచూడకండి, గడియారం చూసి పెట్టండి. రోజుకి ఐదారుసార్లు, మూడు నాలుగు చెంచాలు. అందులో ముందు ప్రొటీన్ ఉండాలి. మెత్తగా గిలక్కొట్టిన గుడ్డు, ముద్దపప్పు, చిదిమిన పనీర్, ముల్లు తీసిన చేప. డాక్టర్ రాసిన ప్రొటీన్ పౌడర్ ఉంటే అది ఇప్పుడు మానకూడదు.

కాలర్: అన్నం ఎప్పుడు పెట్టొచ్చండీ?

డాక్టర్: ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, అదీ మీ ఆసుపత్రివాళ్ళు సరే అన్నాకే. తొందరేం లేదు. జుట్టు ఊడుతుంది, అదీ ముందే చెబుతున్నాను. మూడో నెల నుంచి ఆరో నెల దాకా చాలామందికి ఊడి, మళ్ళీ వస్తుంది. అప్పుడు కూడా తిండి లేకే అని మీ ఇద్దరూ గొడవ పడొద్దు. ప్రొటీన్, ఐరన్ సరిగా అందుతున్నాయో లేదో రక్తపరీక్షలో చూపించుకోండి.

యాంకర్: కరీంనగర్ నుంచి ఒకాయన. చెప్పండి సార్.

కాలర్ (కరీంనగర్): నమస్తే మేడమ్. నాకు బట్టల షాపు ఉంది. స్లీవ్ చేయించుకుని పద్నాలుగు నెలలైంది. ముప్పై ఎనిమిది కిలోలు తగ్గిన. మొదట్ల ఆకలి అనేదే తెలియలే. ఇప్పుడు ఒక్కటే ఆకలి. రెండు నెలల నుంచి మూడు కిలోలు పెరిగిన. పొట్ట సాగిపోయిందని మా తమ్ముడు అంటున్నడు. మళ్ళీ ఆపరేషన్ పడుతదా?

డాక్టర్: ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. ఏడాది దాటాక ఆకలి తిరిగి రావడం సహజం. ఇన్ని కిలోలు తగ్గాక శరీరం తిండి కావాలని అడుగుతుంది, మీ తప్పేం లేదు. పొట్ట కూడా కాస్త వెడల్పవుతుంది. మొదటి నెలలో అరకప్పు పట్టనిది ఇప్పుడు కప్పు, కప్పున్నర పడుతుంది. అది చెడిపోవడం కాదు. నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తిన్నారో వరసగా చెప్పండి, ఏదీ దాచకుండా.

కాలర్: పొద్దున ఏం తినలే. పదకొండింటికి షాపుల చాయ్, బిస్కెట్లు. మధ్యాహ్నం మూడింటికి అన్నం, టమాట పప్పు. సాయంత్రం గిరాకీ ఉంటది గదా, కౌంటర్ మీద మిక్చర్ పొట్లం పెట్టుకుంట. కొంచెం కొంచెం తింట. రాత్రి రెండు రొట్టెలు.

డాక్టర్: మిక్చర్ పొట్లం అయిపోతుందా?

కాలర్: అయిపోతది మేడమ్.

డాక్టర్: అదే రెండు ఉడికించిన గుడ్లు ఒక్కసారి తినగలరా?

కాలర్: ఒకటిన్నరకే ఛాతీ పట్టేసినట్టు అయితది.

డాక్టర్: చూశారా, పొట్ట ఇంకా పని చేస్తోంది. గుడ్డు, చికెన్, పప్పు వచ్చినప్పుడు అడ్డుకుంటోంది. మిక్చర్, బిస్కెట్, సకినాలు, చిప్స్, ఐస్‌క్రీమ్ నోట్లోనే మెత్తబడి ఎక్కడా ఆగకుండా జారిపోతాయి. చాయ్‌తో కలిస్తే మరీ తొందరగా. వంద గ్రాముల మిక్చర్‌లో దాదాపు ఐదు వందల కేలరీలు ఉంటాయి, కడుపు నిండిన సంగతే తెలియదు. ఆపరేషన్ అయినవాళ్ళలో బరువు తిరిగి పెరగడానికి నేను ఎక్కువగా చూసే కారణం ఇదే. పెద్ద భోజనాలు కాదు, కౌంటర్ మీద పొట్లం.

కాలర్: మరి ఆకలి అయితే నిజంగనే అయితది గదా మేడమ్.

డాక్టర్: అవుతుంది, కాదనను. పొద్దున ఏమీ తినకుండా మూడింటి దాకా లాగితే ఎవరికైనా అవుతుంది. మీరు మధ్యాహ్నం తిన్నదాంట్లో ఎక్కువ అన్నమే. అది రెండు గంటలు ఆపదు. సాయంత్రం చెయ్యి పొట్లంలోకి పోకపోతే ఆశ్చర్యం. పొద్దున ఎనిమిదింటికి గుడ్డో, పెసరట్టో తినండి. మధ్యాహ్నం ఒంటిగంటకే డబ్బా తెరవండి. ముందు కూర, పప్పు చెంచాతో విడిగా తిని, అన్నం చివర రెండు ముద్దలు. ఐదింటికి గుప్పెడు ఉడికించిన శనగలు, కూర్చుని తినండి. అప్పటికీ ఏదో తినాలనిపిస్తే, ఇప్పుడు ఎవరైనా ఉత్త ఉడికించిన గుడ్డు ఇస్తే తింటానా అని అడిగి చూసుకోండి. తింటానంటే అది ఆకలి, తినండి. గుడ్డు వద్దు మిక్చరే కావాలంటే అది అలసటో, గిరాకీ లేని చికాకో, దాహమో. ఇంకొకటి, గుండెల్లో మంట ఉందా? పుల్లటి తేన్పులు?

కాలర్: రాత్రిపూట ఉంటయి.

డాక్టర్: స్లీవ్ తర్వాత యాసిడ్ పైకి రావడం మామూలే. ఆ మంట చాలామందికి ఆకలిలాగే తోస్తుంది, తింటే కాసేపు తగ్గుతుంది కాబట్టి మళ్ళీ తింటారు. మీ సర్జన్‌కి చూపించుకోండి, మందు అవసరం కావచ్చు. ఇవన్నీ సరిచేశాక కూడా బరువు పెరుగుతూనే ఉంటే ఎండోస్కోపీ చేసి చూస్తారు. ఆకలి తగ్గించడానికి వారానికోసారి వేసే ఇంజెక్షన్లలాంటి దారులు కూడా ఉన్నాయి. మూడు కిలోల దగ్గరే ఫోన్ చేశారు, అది చాలా మంచి పని. చాలామంది సిగ్గుపడి పదిహేను కిలోలు పెరిగాక వస్తారు. చెకప్‌కి రాకుండా తప్పించుకునేవాళ్ళని తలుచుకుంటే నాకు బాధేస్తుంది. మేం తిడతామనుకుంటారు.

యాంకర్: శ్రీకాకుళం నుంచి ఫోన్. అత్యవసరం అంటున్నారు.

కాలర్ (శ్రీకాకుళం): మేడమ్, మా వదినకి బరువు తగ్గే బైపాస్ ఆపరేషన్, గుండెది కాదు, పొట్టది, అయి రెండు నెలలు. పది రోజులుగా ఏది తిన్నా వాంతి. నీళ్ళు కూడా నిలవట్లేదు. ఎక్కువ తినేస్తోంది, అందుకే అని ఇంట్లో అంటున్నారు. రెండు రోజులుగా కాళ్ళు తిమ్మిరి, నడిస్తే తూలుతోంది.

డాక్టర్: బాబూ, ఇది ఎక్కువ తినడం వల్ల కాదు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి, రేపటి దాకా ఆగొద్దు. అన్ని రోజుల వాంతులతో థయమిన్ అనే బి1 విటమిన్ అయిపోతుంది. తిమ్మిరి, తూలడం దాని గుర్తులు కావచ్చు. ఆలస్యమైతే మెదడుకి, నరాలకి శాశ్వతంగా దెబ్బ తగులుతుంది. అక్కడి డాక్టర్‌కి రెండు మాటలు చెప్పండి: బరువు తగ్గే బైపాస్ అయింది, పది రోజులుగా వాంతులు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వమని అడగండి. లోపల దారి ఇరుకైందేమో కూడా చూడాలి. ఫోన్ పెట్టేసి బయలుదేరండి.

కాలర్: సరే మేడమ్, వెళ్తున్నాం.

డాక్టర్: వింటున్నవాళ్ళందరికీ కూడా ఇదే. అప్పుడప్పుడు తొందరపడి తిని కక్కుకోవడం వేరు, రెండు రోజులు వరసగా ఏదీ నిలవకపోవడం వేరు. రెండోది వస్తే ఆపరేషన్ చేసినవాళ్ళకి ఆ రోజే తెలియాలి. దయచేసి ఇంట్లో పేషెంటుని నిందిస్తూ కూర్చోకండి.

యాంకర్: విజయవాడ నుంచి ఒక మేడమ్.

కాలర్ (విజయవాడ): నమస్తే డాక్టర్ గారూ. నాకూ బైపాసే, రెండేళ్ళైంది. మొన్న గుడిలో చక్కెర పొంగలి తిన్నాను, చిన్న దొన్నెడే. రెండు గంటల తర్వాత చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగాయి. విపరీతమైన ఆకలి. ఇంటికొచ్చి ఇంకో రెండు లడ్డూలు తిన్నాను, తగ్గింది. మళ్ళీ సాయంత్రం అలాగే.

డాక్టర్: అది షుగర్ పడిపోవడంలా ఉందమ్మా. బైపాస్‌లో పొట్టని చిన్నది చేసి నేరుగా చిన్నపేగుకి కలుపుతాం కాబట్టి తీపి ఒక్కసారిగా అందులోకి చేరుతుంది, రక్తంలో చక్కెర గబగబా పెరుగుతుంది, దానికి ఇన్సులిన్ మరీ ఎక్కువ వస్తుంది. గంట నుంచి మూడు గంటల్లో చక్కెర కిందికి పడిపోతుంది. లడ్డూలతో అదే మళ్ళీ మొదలైంది. తిన్న పావుగంటకే కడుపునొప్పి, గుండెదడ, విరేచనం వచ్చే రకం ఇంకొకటి ఉంది, మీది అది కాదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఆ సమయంలోనే చూసి రాసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగి, తేరుకున్నాక గుడ్డో, పనీరో తినండి. లడ్డూ మాత్రం కాదు. ప్రసాదం చిటికెడు కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే చాలు, అదీ భోజనం అయ్యాక. ఖాళీ కడుపుతో తీపి వద్దు. ఒక్కరే బండి నడిపేటప్పుడు ఇలా వస్తే ప్రమాదం, కాబట్టి డాక్టర్‌ని తప్పక కలవండి. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకుంటున్నారా?

కాలర్: మొదటి ఏడాది వేసుకున్నానండీ.

డాక్టర్: జీవితాంతం వేసుకోవాలమ్మా. ఈ వారమే రక్తపరీక్ష చేయించుకోండి.

యాంకర్: చివరి ఫోన్, నిజామాబాద్ నుంచి టీచర్ గారు.

కాలర్ (నిజామాబాద్): మేడమ్, నేను శాకాహారిని. స్లీవ్ అయి ఏడు నెలలు. బడిలో లంచ్ టైములో గబగబా తింటాను, గొంతు కింద ఇరుక్కుంటుంది. నురగ కక్కుకోవాల్సి వస్తుంది. పిల్లల ముందు సిగ్గుగా ఉంటుంది. ఎక్కడ ఆపాలో తెలియదు.

డాక్టర్: ఇరుక్కునేది ఏది, చపాతీయా?

కాలర్: చపాతీ, ఒక్కోసారి అన్నం ముద్ద.

డాక్టర్: రెండూ నమలకుండా మింగితే అంటుకుని ఉండలు కడతాయి. బడిలో ఆ రెండూ వద్దు, అవి ఇంట్లో తీరిగ్గా తినండి. డబ్బాలో పనీర్ కూర, గట్టి పప్పు, ఉడికించిన మీల్‌మేకర్ లాంటివి పెట్టుకోండి. చిన్న చెంచా వాడండి. నోట్లోది పూర్తిగా మెత్తబడి మింగాకే తర్వాతిది తీసుకోండి. ఇరవై నిమిషాలే ఉంటే సగం డబ్బా తిని మూసేయండి, మిగతాది తర్వాతి ఖాళీ పీరియడ్‌లో. ఎక్కడ ఆపాలో శరీరం చెబుతుంది, కాకపోతే పాత గుర్తులు పనికిరావు. కడుపు బరువెక్కేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. చాలామందికి ముందు ఒక నిట్టూర్పు వస్తుంది, లేదా ముక్కు కారుతుంది, ఎక్కిళ్ళు వస్తాయి. రొమ్ము ఎముక కింద చిన్న ఒత్తిడి తెలుస్తుంది. అందులో మీకు ఏది వస్తుందో వారం రోజులు గమనించండి. అది రాగానే చెంచా కింద పెట్టేయండి. కంచంలో ఒక ముద్ద మిగిలినా సరే.

కాలర్: అన్నం పారేయడానికి చెయ్యి రాదు మేడమ్. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో అలా పెంచారు.

డాక్టర్: మంచి అలవాటే, పోగొట్టుకోకండి. అందుకే వడ్డించుకునేటప్పుడే తక్కువ పెట్టుకోవాలి. పెద్ద కంచం తీసేసి టిఫిన్ ప్లేటు, పావుకప్పు గరిటె వాడండి. గిన్నెలు వంటింట్లోనే ఉంచండి, పక్కన ఉంటే చెయ్యి వెళుతుంది. పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చుంటే వడ్డించేవాళ్ళు ఊరుకోరు. బఫే ఉంటే అటు వెళ్ళండి. లేదంటే ఆపరేషన్ అయిందని చెప్పేయండి. చెప్పడం ఇష్టం లేకపోతే డాక్టర్ వద్దన్నారని నా పేరు మీదకి నెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

కాలర్: రోజుకి ప్రొటీన్ అరవై గ్రాములు కావాలని మా ఆసుపత్రిలో అన్నారు. మాంసం లేకుండా ఎలా కుదురుతుంది?

డాక్టర్: కుదురుతుంది, కానీ లెక్క చూసుకోవాలి. రెండు వందల మిల్లీలీటర్ల పాలలో ఆరేడు గ్రాములు. వంద గ్రాముల పనీర్‌లో పద్దెనిమిది దాకా. ఎండు మీల్‌మేకర్ ముప్పై గ్రాములు నానబెట్టి వండితే పదిహేను. గట్టి పప్పు చిన్న గిన్నెడు ఏడు. చిక్కటి పెరుగు కప్పు ఏడెనిమిది. మిగిలింది పౌడర్‌తో పూరించండి. సాంబారు, చారు ఈ లెక్కలోకి రావు, వాటిలో పప్పు కంటే నీళ్ళే ఎక్కువ.

కాలర్: పెరుగన్నం తినకపోతే భోజనం అయినట్టే ఉండదు మేడమ్.

డాక్టర్: మానొద్దు. భోజనం చివర పెరుగన్నానికి చోటుండదు, ఇరికిస్తే కక్కుకుంటారు. పెరుగుని సాయంత్రం నాలుగింటికి ఒక్కదాన్నే తినండి, కావాలంటే అందులో రెండు చెంచాల అన్నం కలుపుకోండి. ఆ పూటకి అదే మీ భోజనం.

యాంకర్: సమయం అయిపోయింది. శ్రీకాకుళం నుంచి మాట్లాడిన వారు ఆసుపత్రికి చేరగానే మా ఆఫీసుకి ఒక్క ఫోన్ చేయండి. అక్కడి డాక్టర్ మాట్లాడతానంటే మేడమ్ ఇంకో గంట ఇక్కడే ఉంటారు.