ప్రింటర్ తమ్మపడిగ నిండింది, రీసెట్ కొట్టి చేతులు దులుపుకోకండి

(క్లోజప్: పాత పేపరు మీద నల్లగా నానిన ఫెల్టు ముక్కలు)

ఇవి చూశారా? నిన్న ఒక జిరాక్స్ షాపు తమ్ముడు తెచ్చిన ప్రింటర్‌లోవి. "అన్నా, టేబుల్ మీద సిరా కారుతోంది, ట్యాంకు లీకంటావా?" అన్నాడు. ట్యాంకు కాదు నాయనా. ఏడాది కింద నీకు రీసెట్ కొట్టిచ్చినవాడు వేస్ట్ సిరా పీల్చుకునే ప్యాడ్ జోలికే పోలేదు. ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చి వీడియో తీస్తున్నా.

మా తాతకి తాంబూలం అలవాటు. మంచం పక్కన ఉమ్మడానికి ఇత్తడి తమ్మపడిగ ఉండేది. ప్రింటర్‌దీ అదే అలవాటు. హెడ్ క్లీనింగ్ కొట్టిన ప్రతిసారీ సిరా చిమ్మే హెడ్ వెళ్లి కుడి చివరన ఉన్న క్యాప్ మీద కూర్చుంటుంది. కింద ఉన్న చిన్న పంపు సిరా పీల్చి, సన్నటి ట్యూబులోంచి వెనక డబ్బాలోకి తోస్తుంది. అందులో ఉండే ఫెల్టే ఈ వేస్ట్ ఇంక్ ప్యాడ్. ప్రింట్ కాస్త గీతలు పడగానే వరసగా ఐదారు క్లీనింగ్‌లు కొట్టేవాళ్లున్నారు చూడండీ, తాతకి కట్టలకి కట్టలు తమలపాకులు అందించేది వాళ్లే.

ఇక్కడే అసలు తిరకాసు. ఈ ప్రింటర్ ఆ ప్యాడ్‌ని చూడదు! తడి కొలిచే సెన్సరేదీ లేదు. మా నాయనమ్మ వంటింట్లోంచే లెక్కపెట్టేది: పొద్దున మూడుసార్లు, భోంచేశాక రెండు. లెక్క ముదిరిందనిపిస్తే "నిండుంటుంది, పారబోయండ్రా" అని కేక. తొంగి చూసిన పాపాన పోలేదు. ప్రింటర్ బోర్డు మీది చిప్పులో కూర్చున్నది ఆ నాయనమ్మే. మామూలు క్లీనింగ్‌కి ఇంత, పవర్ క్లీనింగ్‌కి ఇంకా ఎక్కువ, అని అంచనా కట్టి కూడుకుంటూ పోతుంది. 100 శాతం తాకగానే పని బంద్. ఎప్సన్‌లో ఎర్ర లైట్లు కొట్టుకుంటాయి. కేనన్‌లో అయితే 5బి00 అనే ఎర్రర్ కోడ్, జీ2010 లాంటి వాటి చిన్న తెర మీద పీ07.

మరి రీసెట్ అంటే? నాయనమ్మ చెవిలో "పారబోశామే" అని అబద్ధమాడటం. ఆవిడ నమ్మేస్తుంది, పాపం. తాత ఉమ్ముతూనే ఉంటాడు. నాయనమ్మ కాస్త ముందుగానే కేకేస్తుంది, పైగా సిరాలో నీరు కొంత ఆరిపోతుంది, అందుకే మొదటి రీసెట్‌కి ఏమీ కారదు. ఆ ధైర్యంతోనే రెండోది కొడతారు. నిన్నటి టేబుల్ అలాంటిదే.

సరే, ఎప్సన్ ఎల్3110, 3150 వాళ్లు వినండి. స్విచ్‌బోర్డు దగ్గర కాదు, ప్రింటర్ బటన్‌తోనే ఆపండి, హెడ్ క్యాప్ మీదకి చేరాలి. తర్వాత ప్లగ్గు పీకండి. పక్కకి పడుకోబెట్టారో, ట్యాంకుల్లో సిరా మీ ఒళ్లోకే. వెనక మూలన ఒక్క స్టార్ స్క్రూ. డబ్బా మెల్లగా లాగితే ట్యూబు కనిపిస్తుంది, కింద పేపరు వేసి ఊడదీయండి. ఫెల్టు ముక్కల వరస ఫోన్‌లో ఫొటో తీసుకోండి. గ్లవ్స్ మర్చిపోవద్దు, ఇదిగో నా బొటనవేలు చూడండి.

కొత్త సెట్టు దొరికితే అదే వేయండి, నా సలహా అదే. కడుగుతానంటే పాత బకెట్లో పిసికి పిండండి. తెల్లబడాలని పంతం పట్టకండి, పిండిన నీళ్లు తేటబడితే చాలు. పూర్తిగా ఆరేదాకా, రెండు రోజులైనా సరే, ఆగండి. తడిది పెడితే సగం నిండిన తమ్మపడిగ పెట్టినట్టే. ఫెల్టు బదులు డైపర్లు కుక్కినవాళ్లనీ చూశాను, అది ఉబ్బి డబ్బా బయటికే రాలేదు!

ట్యూబు మళ్లీ తగిలించారా? ఇది మరిస్తే చేసిందంతా వృథా, సిరా నేరుగా ప్రింటర్ అడుగుకే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. రీసెట్‌కి విండోస్ కంప్యూటర్, యూఎస్‌బీ కేబుల్ కావాలి, వైఫై పనికిరాదు. అడ్జస్ట్‌మెంట్ ప్రోగ్రామ్ అనే సర్వీసు సాఫ్ట్‌వేర్‌లో వేస్ట్ ఇంక్ ప్యాడ్ కౌంటర్, మెయిన్ ప్యాడ్ టిక్, చెక్, ఇనిషియలైజ్, ఆఫ్, ఆన్. యాంటీవైరస్ ఆపేయమని అడిగే ఫ్రీ ఫైళ్లు మాత్రం వద్దు. ఎప్సన్ ఎల్6190, కేనన్ జీ3020 లాంటివాటికి ఈ గోలే లేదు, వేస్ట్ సిరా చేరే మెయింటెనెన్స్ డబ్బా తీసి కొత్తది పెట్టడమే. అంచు వదలకుండా బోర్డర్‌లెస్ ఫొటోలు వేసేవాళ్లకి కాగితం కింద ఇంకో ప్యాడ్ ఉంది, దాని లెక్క వేరే, అది వచ్చే వీడియోలో. ఫోన్‌లో చార్జింగ్ 3 శాతం, ఉంటానండీ.