పలుపు పిల్లల చేతికివ్వండి
(కోనసీమలోని ఒక హైస్కూల్లో, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. పిల్లలకి బాధ్యత ఎలా అలవాటవుతుందో చెప్పమని హెడ్మాస్టరు గారు అడిగారు. నేను పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి గొడ్లపాక మీదుగానే చెబుతాను. చెప్పదలుచుకున్నది ఒక్కటే. మీ ఇంట్లో ఈసారి గేదె ఈనితే ఆ దూడని మీ అమ్మాయికో అబ్బాయికో అప్పజెప్పండి. ఏదో సాయంత్రం పూట కాసేపు ముద్దు చేయడానికి కాదు. దాని తిండి, నీళ్లు, శుభ్రం, మందు, లెక్క అన్నీ ఆ పిల్ల చూసుకోవాలి, మీరు పక్కన ఉండాలి. ఆ తర్వాత ఊరందరి ముందూ ఆ దూడని ఆ పిల్ల చేత్తోనే నడిపించాలి.

మన డెల్టాలో పశువుకి కరువు లేదు. సార్వా, దాళ్వా రెండు పంటల గడ్డి ఉంటుంది, కోతలయ్యాక జనుము, పిల్లిపెసర చల్లుకుంటాం, కొబ్బరితోట నీడ ఉంది, కాలువ ఉంది. ఇన్ని ఉన్నా మన పిల్లలు గేదెకి ఎంత దగ్గరున్నారో చూడండి. కాస్త ఉన్నవాళ్ల ఇంట్లో పిల్లాడు పేడ ముట్టుకోడు, ఆ పని పాలేరుదో అమ్మదో అయిపోయింది. లేనివాళ్ల ఇంట్లో అదే వయసు పిల్లాడు బడి మానేసి నాలుగు గేదెల వెనక తిరుగుతాడు. మొదటివాడికి పనే తెలియడం లేదు, రెండోవాడి మీద పెద్దల పని పడింది. ఈ రెండిట్లో ఏదీ బాధ్యత నేర్పడం కాదండి. ఒక జీవి, ఒక పిల్ల, బడి మానకుండా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. నేనడిగేది అంతే.

దూడని అప్పజెప్పడం అది పుట్టిన గంటలోనే మొదలవ్వాలి. ఎందుకంటే మొట్టమొదటి నిర్ణయం అక్కడే ఉంది. మనుషుల్లో రోగనిరోధక శక్తి కొంత తల్లి కడుపులోనే బిడ్డకి అందుతుంది, గేదెలో, ఆవులో అది మాయ దాటి దూడకి రాదు. ముర్రుపాలతోనే రావాలి. దాన్ని ఒంటికి పట్టించుకునే శక్తి దూడ పేగుకి ఒక్కరోజే ఉంటుంది, అదీ గంటగంటకీ తగ్గిపోతుంటుంది. మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది మాయ పడేదాకా దూడని పొదుగు దగ్గరికి పోనివ్వరు. మాయ పడటానికి ఒక్కోసారి పూట పడుతుంది, అప్పటికి దూడ నష్టపోయేది నష్టపోతుంది. నిజానికి దూడ కుడిస్తే మాయ కూడా తొందరగా పడుతుంది. ఇది తెలిసిన ఏడో తరగతి పిల్ల గడియారం పట్టుకుని కూర్చుని, "నాయనమ్మా, గంటలోపు తాగించాలంట, డాక్టరు గారు చెప్పారు" అని అడ్డం పడటం చూశాను. పెద్దావిడ ముందు కసిరింది, తర్వాత వదిలింది. ఆ దూడ గట్టిగా నిలబడింది. ఇంట్లో పెద్దవాళ్లతో గౌరవంగా మాట్లాడుతూనే తను నమ్మిన పని జరిపించుకోవడం ఆ పిల్లకి ఆ గంటలో వచ్చింది, నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

అక్కణ్ణుంచి పని వరసగా ఉంటుంది. బొడ్డుకి టింక్చర్ అయోడిన్ రాయాలి. దూడ ముప్పై కిలోలుంటే అందులో పదో వంతు, అంటే మూడు లీటర్ల ముర్రుపాలు మొదటి రోజున మూడు నాలుగు విడతలుగా పట్టాలి. పది పదిహేను రోజులకి నట్టల మందు. ఇది గేదె దూడలకి మరీ ముఖ్యం, ఎందుకంటే ఏలికపాములు తల్లి పాలలోనుంచే దూడ కడుపులోకి వస్తాయి. పొట్ట ఉబ్బి, మట్టిరంగులో పారుకుంటూ, వెంట్రుక గరుగ్గా నిక్కబొడుచుకున్న దూడని చూస్తే చాలాసార్లు కారణం అదే. నాలుగో నెల నిండాక గాలికుంటు టీకా, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. పెయ్యదూడకైతే నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా (గేదెలు ఈసుకుపోయే రోగం) టీకా, జీవితంలో ఒక్కసారే, ఆ నెలలు దాటిపోతే మళ్లీ వేయరు. చెవికి వేసే పసుపు పోగు మీద పన్నెండు అంకెల నంబరుంటుంది, అది నోట్‌బుక్కు మొదటి పేజీలో ఉండాలి. ఈ తేదీలన్నీ పిల్ల రాసుకోవాలి, పిల్లే గుర్తుపెట్టుకుని "నాన్నా, రేపు ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అనాలి. మీరు గుర్తు చేశారో, ఆ తేదీ మళ్లీ మీదైపోతుంది.

లెక్కల మాస్టారు కూడా ఉన్నారు కాబట్టి ఒక మాట. కాటా లేకుండా దూడ బరువు తెలుసుకోవచ్చు. ముందు కాళ్ల వెనకాల నుంచి ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోవాలి, భుజం ముందు ఎముక నుంచి పిర్ర ఎముక దాకా పొడవు తీసుకోవాలి. చుట్టుకొలతని దాంతోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే ఉజ్జాయింపుగా కిలోల్లో వస్తుంది. చుట్టుకొలత 40, పొడవు 36 అయితే దాదాపు 87 కిలోలు. పదిహేను రోజులకోసారి కొలిచి గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టమనండి. గీత పైకి వెళ్లడం మానేసిన రోజున పిల్ల తనంతట తనే పాకలోకెళ్లి వెతుకుతుంది, తవుడు తగ్గిందా, పేడ పల్చగా ఉందా, దోమలకి రాత్రుళ్లు నిలబడే ఉంటోందా అని. సాయంత్రం పొగ వేయడం మర్చిపోయామని అప్పుడు తడుతుంది.

ఇక నడక నేర్పడం. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది, కాస్త వివరంగా చెప్పనివ్వండి. రెండో నెలలో మొదలుపెట్టొచ్చు. ముందు కొన్నాళ్లు తాడు జోలికే పోవద్దు. కొబ్బరి పీచు పట్టుకుని మెడ కింద, వీపు మీద, తోక మొదట్లో రుద్దాలి. తోక మొదట్లో రుద్దితే దూడ మెడ చాచి కళ్లు సగం మూస్తుంది, అంటే మిమ్మల్ని ఒప్పుకున్నట్టు. అప్పుడు తల చుట్టూ, మూతి మీదుగా మెత్తటి తాడు వేసి, ఎడమ పక్క దాని భుజం దగ్గర నిలబడాలి. పిల్లాడు లాగుతాడు. దూడ ముందు కాళ్లు రెండూ నేలకి తన్నిపెట్టి వెనక్కి కూర్చుంటుంది. పిల్లాడు ఇంకా లాగుతాడు, అది ఇంకా బిగుస్తుంది. పక్కనున్న పెద్దవాళ్లు వెంటనే "రెండు తగిలించరా" అంటారు, దయచేసి అనకండి. తాడు కాస్త బిగువుగా పట్టుకుని ఊరుకోవాలి. ఎంతసేపైనా సరే. ఆ బిగువు నచ్చక దూడ ఎప్పుడో ఒక అడుగు ముందుకేస్తుంది. అడుగు పడీ పడగానే తాడు వదులు చేయాలి, ఆ వదులే దానికి కూలి. రెండో అడుగుకి మళ్లీ అంతే. వారం తిరిగేసరికి తాడు వేలాడుతుండగానే పక్కన నడుస్తుంది. తాడుని చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోనివ్వకండి, దూడ బెదిరి పరిగెత్తితే వేళ్లు పోతాయి.

నేను చూసినంతలో కోపం త్వరగా వచ్చే పిల్లలకి ఇంతకంటే మంచి బడి లేదు. దూడ మీద అరిస్తే పని ఆగిపోతుంది, అంతే, వాదనుండదు. అది పెద్దదై ఈనాక కూడా అంతేనండి. పాకలో అరుపులు, దెబ్బలు ఉంటే గేదె చేపదు. భయపడ్డ పశువు ఒంట్లో ఊరే రసాయనం పాలు దింపే హార్మోన్‌కి అడ్డం పడుతుంది. తర్వాత పాలు దింపే ఇంజెక్షన్ సీసా కోసం పరిగెత్తేది ఈ ఇళ్లవాళ్లే.

ఈ పద్ధతి నా బుర్రలోంచి పుట్టింది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో 1902లో గ్రాహం అనే బడి పంతులు ఊరి పిల్లల్ని పోగేసి ఒక క్లబ్బు పెట్టాడు, అలాంటివే పెరిగి 4-హెచ్ అనే పేరుతో దేశమంతా పాకాయి. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలో హెమ్యాక్ అనే ఊళ్లో 1921లో దూడల క్లబ్బు మొదలైంది, అది మనలాగే పాల ఊరు, పెట్టించింది పాల కంపెనీ, పెంచింది పిల్లలు. అక్కడి సంతల్లో, ప్రదర్శనల్లో ఒక ఏర్పాటు నాకు బాగా నచ్చుతుంది. దూడకి మార్కులిచ్చే పోటీ ఒకటి, దూడని పట్టుకున్న పిల్లకి మార్కులిచ్చే పోటీ విడిగా ఒకటి. రెండోదాంట్లో దూడ జాతి ఏదైనా పర్వాలేదు. పిల్ల దాన్ని ఎలా నడిపిస్తోంది, బెదిరినప్పుడు ఏం చేస్తోంది, శుభ్రంగా ఉంచిందా, అడిగితే ఏం మేపుతున్నావో చెప్పగలదా, ఇవే చూస్తారు. లక్ష రూపాయల ముర్రా జాతి పెయ్యదూడ ఉన్న ఇంటి పిల్లా, నాటు దూడ ఉన్న ఇంటి పిల్లా అక్కడ సమానంగా నిలబడతారు. మనకి కావలసింది ఈ రెండో పోటీ.

మన దగ్గరా ప్రదర్శనలున్నాయి. పశుసంవర్ధక శాఖ వాళ్లు లేగదూడల ప్రదర్శనలు పెడతారు, పాల దిగుబడి పోటీలు జరుగుతాయి, కనుమ నాడు గొడ్లని కడిగి, కొమ్ములకి రంగేసి, దండలేస్తాం. వాటిల్లో పలుపు ఎవరి చేతిలో ఉంటోందో గమనించండి. ఏడాది పొడుగునా కుడితి పెట్టింది, పాలు పిండింది ఇంటావిడ. దూడని పొదుగు దగ్గరికి వదిలింది కూతురు. స్టేజీ ఎక్కి బహుమతి తీసుకునేది ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మగాయన. పాలేరు దూరంగా నిలబడి చూస్తుంటాడు. చూసిన పిల్లలకి అర్థమయ్యేదేమిటి? పని ఒకరిది, పేరు ఇంకొకరిది అని. ఇదొక్కటి మార్చండి చాలు, ఎవరు మేపారో వాళ్లే తాడు పట్టుకోవాలి.

కోడిపందేల గురించి కూడా చెప్పాలి, మన జిల్లాల్లో మాట్లాడుతూ దాన్ని దాటేయడం సబబు కాదు. పుంజుని ఎలా సాకుతారో మీకు తెలుసు. గంట్లు, బాదంపప్పు, కైమా, ఈత, నడక, ఒళ్లు కాపడం. ఆ ఓపిక, ఆ కన్ను మామూలువి కావు, మన కుర్రాళ్లు చాలామంది అందులో ఆరితేరారు. నెలల తరబడి అలా సాకి, సంక్రాంతికి కాలికి కత్తి కట్టి బరిలోకి వదులుతాం, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, పక్కన పిల్లలుంటారు. జంతువుల్ని పోట్లాటకి ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, అంత ప్రేమగా పెంచడం చివరికి పందెం కోసమే అని పదేళ్లవాడి మనసులో పడిపోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ కుర్రాళ్లని తిట్టి ప్రయోజనం లేదు. వాళ్లకొచ్చిన విద్యని చూపించుకోవడానికి మనం ఇంకో చోటు ఇవ్వాలి.

తల్లిదండ్రులు తప్పకుండా అడిగే మాట, పిల్ల మర్చిపోతే? దూడ ఆకలితో అరుస్తుంటే బుద్ధి రావాలని ఊరుకోవాలా? వద్దండి. పిల్ల పాఠం కోసం దూడ కడుపు మాడకూడదు. మీరు మేపేయండి, మేపినట్టు పిల్లకి చెప్పండి, నోట్‌బుక్కులో ఆ పూట మీ పేరు రాయండి. అంతకుమించి క్లాసు పీకక్కర్లేదు. తను రాసుకునే పుస్తకంలో అమ్మ పేరు కనబడితే పిల్లలకి బాగానే తగులుతుంది.

దూడ చనిపోవచ్చు కూడా. ఎంత చూసుకున్నా కొన్ని పోతాయి. అప్పుడు "పోన్లే, ఇంకోటి కొంటాలే" అనకండి, ఏడవనివ్వండి. ఏ రోజున తిండి మానేసింది, డాక్టర్ని ఎప్పుడు పిలిచాం అని తర్వాత ఇద్దరూ కూర్చుని పుస్తకం తిరగేయండి. దున్నదూడ పుడితే ఇంకో కష్టమైన ప్రశ్న వస్తుంది. చాలా ఇళ్లలో దానికి పాలు వదలరు, కొన్నాళ్లకే పోతుంది. దాన్ని పిల్ల చూస్తుంది, "దీనికెందుకు పాలు లేవు?" అని అడుగుతుంది. నిజం చెప్పండి, కానీ బతికున్నన్నాళ్లు దాని తిండి దానికివ్వండి. అమ్మేటప్పుడు ముందుగా చెప్పి అమ్మండి, బడి నుంచి వచ్చేసరికి పాక ఖాళీగా ఉండటం మాత్రం వద్దు. వచ్చిన డబ్బులో దాణా ఖర్చు పోను కొంత పిల్ల పేరున వేయండి, అది ఆ పిల్ల హక్కు.

జాగ్రత్తల సంగతి క్లుప్తంగా చెబుతాను. పాకలోంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. ఈసుకుపోయిన గేదె దగ్గరికి, మాయ దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు, ఆ బ్రూసెల్లా రోగం మనుషులకీ వస్తుంది. ఎండాకాలం గేదెకి ఒళ్లు తడపాల్సిందే, దాని నల్లటి చర్మానికి చెమట తక్కువ. కానీ చెరువులోకి దింపేది పెద్దవాళ్లే, పిల్లలు గట్టు మీదే ఉండాలి.

దూడ లేని ఇళ్లు ఇక్కడ సగం ఉంటాయని తెలుసు. ఒక పెట్ట, దాని కింద పది గుడ్లు చాలు. కోడికైతే 21 రోజులు, బాతు గుడ్లైతే 28 రోజులు, తేదీ వేసి గోడకి అతికించండి. కోడిపిల్లలు దిగిన వారంలోపు కొక్కెర తెగులు చుక్కల మందు వేయించాలి. ఆ పని గుర్తుపెట్టుకుని చేసిన పిల్ల కూడా దూడ పెంచిన పిల్లతో సమానమే, ప్రదర్శనలో వాళ్లకీ వరస ఉంటుంది.

ఆరో తరగతిలో ఉండగా పుట్టిన పెయ్యదూడని తీసుకున్న పిల్ల, మేపు బాగుంటే, పదో తరగతికి వచ్చేసరికి దాని మొదటి ఈత చూస్తుంది. హైస్కూలు చదువంత కాలం అన్నమాట. హెడ్మాస్టరు గారు ఈ కనుమ ముందు రోజుల్లో బడి గ్రౌండు ఇస్తామన్నారు, పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ గారు జడ్జీగా వస్తామన్నారు. బహుమతి మార్కుల్లో సగం పిల్ల నోట్‌బుక్కుకి, సగం నడిపించే తీరుకి. దూడ అందానికి మార్కుల్లేవు. పేర్లు సైన్సు టీచరు గారి దగ్గర రాయించండి, దూడ పేరు, పిల్ల పేరు రెండూ. రాయించేటప్పుడు పిల్లనే ముందుకి పంపండి, వాళ్లే చెప్పుకుంటారు.