ఎంజైమ్ లేదని రాసే ముందు బఫర్ చూడండి

అందరికీ నమస్కారం. సమయం తక్కువ, నేరుగా విషయంలోకి వస్తాను.

మొక్కకు సోకే ఫంగస్ లోపలికి వెళ్లాలంటే దారిలో ఉన్నవన్నీ కరిగించుకోవాలి. ఆకు పైపొరలోని క్యూటిన్‌కు క్యూటినేజ్, కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌కు పెక్టినేజ్‌లు, ఆ తర్వాత సెల్యులేజ్‌లు వదులుతుంది. వీటన్నిటి గురించీ వరుసగా చెబుదామని వచ్చాను. కానీ బయట పోస్టర్లు చూశాక పెక్టినేజ్‌ల దగ్గరే ఆగాలనిపిస్తోంది.

ఒక పోస్టర్‌లో "పెక్టేట్ లయేజ్ లేదు" అని రాశారు. పెక్టినేజ్‌లలో అదొక రకం. పరీక్ష చేసింది పీహెచ్ 5 దగ్గర, సిట్రేట్ బఫర్‌లో, అంటే పీహెచ్‌ను మారకుండా నిలిపి ఉంచే ద్రావణంలో. అక్కడ అది ఎలా కనిపిస్తుంది? మరో పెక్టినేజ్ అయిన పాలీగెలాక్టురొనేజ్‌కు ఆమ్లం నప్పుతుంది, పీహెచ్ 4, 5 దగ్గర చక్కగా పనిచేస్తుంది. పెక్టేట్ లయేజ్‌లకు సాధారణంగా పీహెచ్ 8, 9 కావాలి, కాల్షియమూ కావాలి. సిట్రేట్ ఆ కాల్షియాన్నే పట్టేసుకుంటుంది. ఒక్క పోస్టర్ సంగతి కాదిది. ఇలాంటి "లేదు"లు ఎన్నో చదివాను, చదివిన ప్రతిసారీ బాధేస్తుంది.

ఫంగస్ అయితే పీహెచ్‌ను అలా వదిలెయ్యదు. స్క్లెరోటినియా అనే ఫంగస్ ఆక్సాలిక్ ఆమ్లం వదిలి చోటును పుల్లగా మారుస్తుంది. ఆ ఆక్సలేట్ కాల్షియాన్నీ లాగేసుకోవడంతో పెక్టిన్ పట్టు సడలుతుంది, పాలీగెలాక్టురొనేజ్ పని సులువవుతుంది. కొల్లెటోట్రైకమ్ అనే ఫంగస్ సరిగ్గా దీనికి ఎదురు. అవకాడో పండులో అది అమ్మోనియా వదిలి పీహెచ్ పెంచుతుంది. పీహెచ్ దాదాపు 6కు చేరే దాకా పెక్టేట్ లయేజ్ బయటికి రాదు. తన ఎంజైమ్‌కు తగ్గట్టు చోటునే సిద్ధం చేసుకుంటోందండీ! పుల్లటి మీడియంలో పెంచి, పుల్లటి బఫర్‌లో కొలిచి, ఆ ఫంగస్‌కు లయేజ్ లేదనడం ఎంత అన్యాయం!

వెనక వరుసలో ఉన్న రీసెర్చ్ స్కాలర్లు వినాలి, మీకోసమే చెబుతున్నాను. ఎంజైమ్ పనిని కొలవడానికి వాడే డీఎన్‌ఎస్ అనే రంగు పరీక్ష పెక్టిన్ గొలుసు తెగిన చివర్లను లెక్కపెడుతుందే తప్ప, తెంపింది ఎవరో చెప్పదు. లయేజ్ తెంపిన చోట డబుల్ బాండ్ ఏర్పడుతుంది, అది 235 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. కాబట్టి ట్రిస్ బఫర్, పీహెచ్ 8.5, కొంచెం కాల్షియం క్లోరైడ్ పెట్టి ఆ రీడింగ్ చూడండి. పక్కనే, కాల్షియాన్ని పట్టేసుకునే ఈడీటీఏ కలిపిన ట్యూబ్ ఒకటి ఉంచండి. అందులో మాత్రమే రీడింగ్ పెరగకుండా ఆగిపోతే, అది కాల్షియం కోరే లయేజ్ అని గట్టిగా అనుకోవచ్చు. కుళ్లిన భాగంలో పీహెచ్ ఎంతుందో కూడా కొలవండి, దానికి మీటర్ ఒక్కటి చాలు.

ఆ పోస్టర్ పెట్టినవారు ఇక్కడే ఉంటే, కల్చర్ ద్రవం ఇంకా ఫ్రీజర్‌లో దాచి ఉంటే, దయచేసి రేపే ఈ పరీక్ష చేసి ఫలితం నాకు పంపండి.