మేక దగ్గర ఆగిపోయినవాళ్ళ కోసం ఒక ఎపిసోడ్

అక్క: నమస్తే అండీ, సత్యనారాయణపురం మేడ మీద గదిలోంచి మళ్ళీ మేమిద్దరం. ఫ్యాన్ చప్పుడు వినపడితే సర్దుకుపోండి, మే నెలలో బెజవాడలో ఫ్యాన్ ఆపి రికార్డ్ చేసేంత ధైర్యం మాకు లేదు.

తమ్ముడు: ఈసారి అడ్వెంచర్ గేముల్లో, అంటే చిక్కుముడులు విప్పుకుంటూ కథలో ముందుకెళ్ళే గేముల్లో, పజిల్ దగ్గర ఇరుక్కుపోవడం గురించి. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన వాయిస్ మెసేజ్ పెట్టారు, పజిల్ రాకపోతే యూట్యూబ్ చూడొచ్చా, చూస్తే ఆ గేమ్ ఆడినట్టా కాదా అని. చూడొచ్చండీ. ఎపిసోడ్ అయిపోయింది, ఉంటాం.

అక్క: కూర్చోరా. వీడి సంగతి మీకు తెలీదు, గేమ్‌లో ఒక్క తలుపు తెరుచుకోకపోతే చాలు, ఫోన్ చేతిలోకి వచ్చేస్తుంది.

తమ్ముడు: ఆఫీసు నుంచి వచ్చి, తిని, పిల్లని పడుకోబెట్టి అప్పుడు కూర్చుంటానక్కా నేను. నిద్ర ముంచుకొచ్చేలోపు దొరికే కాస్త టైమ్‌లో ఒకే గదిలో గోడలు తడుముకుంటూ తిరగమంటావా?

అక్క: గోడలు తడిమించే గేమ్ అయితే ఫోన్ తీయమని నేనే చెప్తా. ఇరుక్కోవడాలన్నీ ఒకటి కాదు అంటున్నా, అంతే. ప్రిన్స్ ఆఫ్ పర్షియా తీసుకో, 1989లో జోర్డాన్ మెక్నర్ చేసింది. మన ఊళ్ళో కంప్యూటర్ సెంటర్‌కి కోర్సు నేర్చుకోవడానికని వెళ్ళి చాలామంది నేర్చుకున్నది ఆ గేమే.

తమ్ముడు: అందులో నీడగాడు! అద్దంలోంచి దూకితే మన నీడ విడిపోయి అటు పారిపోతుంది, తర్వాత మనం తాగాల్సిన మందు వాడు తాగేస్తాడు, మన మొహం మీదే గేటు వేసేస్తాడు, వాడి మీద కసి అలా పెరుగుతూ ఉంటుంది.

అక్క: ఆ కసితోనే చివర్లో వాడు కత్తి పట్టుకుని ఎదురొస్తే పొడుస్తాం. పొడిస్తే మన ప్రాణం తగ్గుతుంది. మళ్ళీ పొడిస్తే మళ్ళీ మనదే తగ్గుతుంది. చంపితే మనమే పోతాం. చెయ్యాల్సింది ఏంటంటే, కత్తి ఒరలో పెట్టేసి వాడి మీదకి మామూలుగా నడిచి వెళ్ళడం, ఇద్దరూ కలిసిపోతారు. ఇప్పుడు చెప్పు, గేమ్ ఏమన్నా దాచిందా? వాడు మనలోంచే పుట్టడం కళ్ళముందు చూపించింది, వాడికి తగిలిన దెబ్బ మనకి తగలడం చూపించింది. ఇక మిగిలింది మన మొండితనమే.

తమ్ముడు: చూపించింది సరే, కానీ ఆ గేమ్ మొత్తానికి ఇచ్చేది అరవై నిమిషాలు. గడియారం తరుముతుంటే కత్తి దించాలని ఎవరికి తోస్తుంది?

అక్క: అదిగో, ఆ టెన్షనే పజిల్‌లో సగం.

తమ్ముడు: సరే, అయితే మేక సంగతి చెప్పు. బ్రోకెన్ స్వోర్డ్, 1996, రివల్యూషన్ సాఫ్ట్‌వేర్ వాళ్ళది. ఐర్లాండ్‌లో ఒక పాత కోట, లోపలికి దిగడానికి నిచ్చెన, ఆ పక్కనే కట్టేసిన మేక. హీరో జార్జ్ నిచ్చెన వైపు వెళ్తాడు, మేక వచ్చి కుమ్ముతుంది, పడతాడు. దగ్గరున్న వస్తువులన్నీ దాని మీద ప్రయోగించినా అంతే.

అక్క: అది మాత్రం పచ్చి అన్యాయం, ఒప్పుకుంటా. జార్జ్ కింద పడ్డాక, మేక వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చేలోపు, పక్కనున్న పాత వ్యవసాయ యంత్రం మీద గబుక్కున క్లిక్ చెయ్యాలి. అతను అటు పరిగెడతాడు, మేక వెంటపడుతుంది, దాని తాడు ఆ యంత్రానికి చిక్కుకుంటుంది.

తమ్ముడు: ఆలోచన బాగానే ఉంది కదా, తాడు చిక్కుకోవడం.

అక్క: ఆలోచనకి వంక పెట్టట్లేదు. అప్పటిదాకా ఆ గేమ్ ఎక్కడా త్వరపడమని అడగలేదు. టీ తాగి వచ్చి క్లిక్ చేసినా అది అక్కడే ఉండేది. అలా నిదానం అలవాటు చేసి, ఆ ఒక్కచోట మాత్రం చెప్పకుండా రూలు మార్చేశారు, దాంతో యంత్రం అనే ఆలోచన సరిగ్గా తట్టినవాడు కూడా ఆలస్యంగా నొక్కి, పని చెయ్యలేదు కాబట్టి ఇది కాదేమో అని దాన్ని వదిలేసి ఇంకెక్కడో వెతుక్కుంటాడు. సరైన ఆలోచనకి శిక్ష పడినట్టే కదా. తర్వాతి వెర్షన్‌లో వాళ్ళే దాన్ని తేలిక చేశారు.

తమ్ముడు: ఇంకా ఘోరం పిల్లి మీసం. 1999, గేబ్రియల్ నైట్ త్రీ. హీరో తన స్నేహితుడి పాస్‌పోర్టు కొట్టేసి, అతని పేరు మీద బైక్ అద్దెకి తీసుకోవాలి. అందుకని షెడ్డు తలుపు కన్నం దగ్గర టేపు అంటించి, పిల్లి మీద నీళ్ళు చల్లి, అది ఆ కన్నంలోంచి పారిపోతుంటే టేపుకి అంటిన బొచ్చు తీసి, తీపి పాకంతో మూతి మీద మీసం అతికించుకోవాలి. అసలు ఆ స్నేహితుడికి మీసమే లేదు! అందుకని పాస్‌పోర్టు ఫొటోకి కూడా పెన్నుతో మీసం గీయాలి.

(ఇద్దరూ నవ్వు)

అక్క: మీసం లేని మనిషిలా కనపడాలంటే గడ్డం గీసుకుని పోవచ్చు కదరా. అక్కడ మనం పజిల్ గురించి ఆలోచించట్లేదు, పజిల్ పెట్టినవాడి బుర్రలో ఆ రోజు ఏముందో ఊహించాలి. అలాంటప్పుడు యూట్యూబ్ చూడండి, పాపం ఏమీ లేదు.

తమ్ముడు: రికార్డ్ అయింది, ఇక మాట మార్చలేవు.

అక్క: కింగ్స్ క్వెస్ట్ ఫైవ్ అని 1990లో సియెర్రా వాళ్ళది, అది ఇంకో రకం దారుణం. మొదట్లో బేకరీలో ఒక పై కొంటాం, అంటే తీపి కేకు లాంటిది. మంచుకొండల్లో హీరోకి ఆకలేస్తే, చేతిలో తిండి ఉంది కదా అని అది తినిపిస్తాం. ఇంకొంచెం దూరం వెళ్ళాక యెతి, అంటే మంచుమనిషి, ఎదురవుతుంది, దాని మొహం మీద విసరాల్సింది ఆ పైనే. తినేశావా, అంతే సంగతులు, ఆ విషయం గేమ్ చెప్పదు కూడా. ఇంటర్వెల్‌లో టికెట్ చించి పారేయనిచ్చి, క్లైమాక్స్‌లో టికెట్ చూపించమన్నట్టు.

తమ్ముడు: అదే ఏడాది మంకీ ఐలాండ్ వచ్చింది కదా, రాన్ గిల్బర్ట్‌ది. అందులో అలా దారి మూసుకుపోదు, దాదాపుగా చావవు కూడా. నీళ్ళ అడుగున పది నిమిషాలు కదలకుండా ఉంటే తప్ప.

అక్క: అందుకే అందులో ఇరుక్కున్నా భయం ఉండదు. ఎక్కడో ఏదో మిస్సయ్యాం, అది ఇంకా అక్కడే ఉంది అన్న ధీమా ఉంటే రాత్రంతా ఆలోచించొచ్చు. మన చిన్నప్పుడు కరెంటు పోయేది చూడు, మధ్యాహ్నం పోయి సాయంత్రానికి వచ్చేది, ఈలోపు మనం మెట్ల మీద కూర్చుని వాదించుకునేవాళ్ళం, ఆ తాళంచెవి అక్కడ కాదు ఇక్కడ అని. సగం పజిళ్ళు ఆ మెట్ల మీదే తేలాయి.

తమ్ముడు: మిగతా సగం నెట్ కేఫ్‌లో వాక్‌త్రూ, అంటే గేమ్ మొత్తం ఎలా ఆడాలో చెప్పే సమాధానాలు, ప్రింట్ తీయించాం, పేజీకి డబ్బులిచ్చి. నువ్వే తెచ్చావు, గుర్తులేనట్టు చూడకు.

అక్క: మేక లాంటి వాటికే! సాయం తీసుకోవడంలో కూడా పద్ధతి ఉంటుంది. ఎనభైల్లో ఇన్ఫోకామ్ అనే కంపెనీ టెక్స్ట్ గేములకి, అంటే బొమ్మల్లేకుండా అక్షరాలతోనే ఆడేవాటికి, హింట్ పుస్తకాలు అమ్మేది, ఇన్విజిక్లూస్ అని. ప్రశ్న కనపడుతుంది, జవాబులు కనపడని సిరాలో ఉంటాయి, దానికో ప్రత్యేకమైన పెన్ను, గీస్తే ఒక్కో జవాబు తేలుతుంది. మొదటిది ఊరికే అటు చూడు అన్నట్టు ఉంటుంది, చివరిది అసలు సమాధానం. పైగా గేమ్‌లో లేని విషయాల మీద దొంగ ప్రశ్నలు కూడా కలిపేవాళ్ళు, ప్రశ్నలు చదివి కథ కనిపెట్టేయకుండా.

తమ్ముడు: అబ్బా, అది బాగుంది. యూట్యూబ్‌లో అలా కుదరదు, ఒక్క ముక్క కోసం తెరిస్తే వాడు తర్వాత రాబోయే రెండు పజిళ్ళు కూడా చెప్పేస్తాడు.

అక్క: ఇప్పటి పెద్ద గేముల్లో ఇంకో గోల, అడక్కుండానే చెప్పడం. 2022లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌లో గదిలోకి వెళ్ళి చుట్టూ చూసేలోపే హీరో పక్కనున్నవాడు, ఎక్కువగా అతని కొడుకే, "అదిగో, దాన్ని కొట్టి చూడు" అంటాడు. చూడనియ్యరా బాబూ! కొడుకైనా సరే కాసేపు నోరు మూసుకోమనాలనిపిస్తుంది.

తమ్ముడు: మరి బ్రాడీపేట ఆయనకి ఏ గేమ్ చెప్తావు? నాలాంటి టైమ్ లేనివాడికి కూడా పనికొచ్చేది.

అక్క: రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్, 2018, లూకస్ పోప్‌ది. అరవై మంది ఎక్కిన ఓడ ఖాళీగా తిరిగొస్తుంది, ఎవరు ఎవరు, ఏమైపోయారు అన్నది మనం ఒక పుస్తకంలో రాయాలి. ముగ్గురి వివరాలు సరిగ్గా కుదిరితేనే పుస్తకం అవునంటుంది, అందుకని గుడ్డిగా కొట్టడం కష్టం. ఓడలో మన దేశం నుంచి వెళ్ళిన నావికులూ ఉంటారు, వాళ్ళలో ఎవరు ఎవరో తేల్చడానికి నాకు చాలా టైమ్ పట్టింది. పడుకునే ఊయలలకి నంబర్లు...

తమ్ముడు: ఆగు, ఆగు! నేనింకా ఆడలేదు.

అక్క: ఎడిటింగ్‌లో తీసేస్తాలే.

తమ్ముడు: ఎడిటింగ్ చేసేది నేనక్కా.